గేర్లు లేని సైకిలు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని విద్యార్థి సంపాదకులు ఇద్దరు మా గదికి వచ్చారు. తెలుగు విభాగం తరఫున ప్రబంధాల మీదనో శతకాల మీదనో ఒక వ్యాసం ఉంటే సంచికకు నిండుదనం వస్తుందన్నారు. సైకిలు మీద వ్రాయదలచుకున్నామని చెప్పాము. వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "యాత్రా వ్యాసమా సార్?" అని ఒకరు అడిగారు. కొంత యాత్ర కూడా ఉంటుంది గాని ముఖ్యంగా సైకిలేనని చెప్పి పంపించాము. మర్యాదస్థులు గనుక మారు మాట్లాడలేదు.

మన కళాశాల సిబ్బందిలో సైకిలు మీద వచ్చేవారు ఇద్దరే. ఒకరు తోటమాలి, రెండవవారు మేము. నల్లగొండ పట్టణంలో లెక్చరరు సైకిలు తొక్కితే జనం దానికొక కారణం వెతుకుతారు. షుగరు జబ్బు వచ్చిందనీ, డాక్టరు చెప్పి ఉంటాడనీ కొందరు అనుకుంటారు. ఇంటి అప్పు తీరుస్తున్నామని మరికొందరి ఊహ. ఒక పెద్దమనిషి జుమా నమాజు తరువాత మమ్మల్ని పక్కకు పిలిచి, తన తమ్ముడి పాత స్కూటరు ఊరికే పడి ఉన్నదనీ, అభ్యంతరం లేకపోతే తీసుకుపోవచ్చుననీ ఎంతో దయతో చెప్పారు. తొక్కడం మాకు ఇష్టమని చెబితే ఎవరూ నమ్మరు. అందులోనూ గేర్లు లేని, నల్లరంగు, కడ్డీ బ్రేకుల పాత అట్లాస్ సైకిలు ఇష్టమంటే అసలే నమ్మరు. ఆ ఇష్టం ఎటువంటిదో, ఎక్కడిదో చెప్పుకోవడానికి ఈ నాలుగు పుటలు వాడుకుంటున్నాము.

ముందుగా బండి సంగతి. పాలవాళ్లు, పోస్టుమన్లు, కల్లు కుండలు కట్టుకుపోయే గీత కార్మికులు, పోచంపల్లి చీరల మూటలు మోసిన నేతగాళ్లు, అందరూ తొక్కిన బండి అది. పెడళ్ల దగ్గర ఒక పెద్ద పళ్లచక్రం, వెనుక ఒక చిన్న పళ్లచక్రం, రెంటినీ కలుపుతూ ఒక గొలుసు. యంత్రమంతా ఇంతే. ముందుదానికి సాధారణంగా 44 పళ్లు, వెనుకదానికి 18. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువ తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం గనుక బండి సుమారు 5.4 మీటర్లు ముందుకు సాగుతుంది. ఎత్తు ఎక్కుతున్నా అంతే, పల్లం దిగుతున్నా అంతే. మూట ఉన్నా లేకపోయినా, ఎదురుగాలి వీచినా, ఆకలిగా ఉన్నా ఆ లెక్క మారదు. మారవలసింది తొక్కేవాని కాలే. మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాలలో నిలువునా లేచే కొండదారులు అరుదు. రాతి గుట్టల మధ్య పైకి లేచి, చెరువు దగ్గర దిగి, మళ్లీ లేచే నిడుపాటి వాలులే ఎక్కువ. మోటారు బండి మీద పోయేవానికి ఆ వాలు ఉన్నట్టే తెలియదు. ఈ సైకిలు మీద పోయేవానికి ప్రతి వాలూ మోకాలిలో నమోదవుతుంది. మహబూబ్‌నగర్ నుండి పిల్లలమర్రి దాకా నాలుగైదు కిలోమీటర్ల దారిలో నేల ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో ఈనాటికీ కళ్లు మూసుకొని చెప్పగలము.

దీనికంటే మొండి బండి మరొకటున్నది. దానిని ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతున్న రోజులలో చూశాము. 2002లో జాతీయ క్రీడల కోసం విశ్వవిద్యాలయ ఆవరణలో నిర్మించిన వెలోడ్రోమ్‌లో తెల్లవారుజామున కొందరు అభ్యాసం చేసేవారు. పళ్లెం అంచువలె పైకి వాలిన బాట మీద వారి సైకిళ్లు గుండ్రంగా తిరుగుతుంటే హాస్టలు నుండి వచ్చి నిలబడి చూసేవాళ్లము. ఆ సైకిళ్లకు బ్రేకులు లేవు, ఫ్రీవీలూ లేదు. మన మామూలు సైకిలుకు తొక్కడం ఆపినా చక్రం టిక్ టిక్ మంటూ తనంతట తాను తిరుగుతుంది గదా, ఆ వెసులుబాటు అక్కడ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగవలసిందే, పెడలు మీద ఉన్న కాలూ తిరగవలసిందే. దానినే ఫిక్స్‌డ్ గేరు అంటారు. వేగం తగ్గాలంటే కాళ్లతోనే వెనక్కు బిగబట్టాలి. ఒక మిత్రుడు మా ఉత్సాహం చూసి సమతలం మీద ఒక చుట్టు తొక్కనిచ్చాడు. ఇరవై గజాలు హాయిగా పోయాము. ఆ తరువాత చిన్ననాటి అలవాటు కొద్దీ కాళ్లు ఆపాము. పెడలు మా కాలిని ఎత్తి మమ్మల్ని సిమెంటు మీద పడవేసింది. అరచేతుల తోలు లేచిపోయింది. ఆ వారం మేము సమర్పించవలసిన వ్యాసం వేరొకరి దస్తూరీలో పోయింది.

తరువాత చదివితే తెలిసింది, మొదట సైకిళ్లన్నీ అటువంటివేనట. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారుచేసిన రోవర్ సైకిలుతో ఈనాటి రూపం స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఫ్రీవీలు వాడుక పందొమ్మిదవ శతాబ్దం చివర గాని ప్రబలలేదు. ఫ్రాన్సులో 1903లో మొదలైన సుప్రసిద్ధ పందెం టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకుడు హెన్రీ డెగ్రాంజ్‌కు గేర్లంటే సరిపడేది కాదు. గెలుపు మనిషి కండది కావాలి గాని యంత్రానిది కారాదని ఆయన పట్టు. దానితో 1937 దాకా ఆ పందెంలో గేర్లు మార్చే యంత్రాన్ని అనుమతించలేదు. పందెగాళ్లు కొండ అడుగున దిగి, వెనుక చక్రం విప్పి, రెండవ వైపున్న పెద్ద పళ్లచక్రం గొలుసుకు తగిలేలా తిప్పి బిగించుకొని ఎక్కేవారు. జపానులో 1948లో మొదలైన కెయిరిన్ పందేలు ఈనాటికీ ఫిక్స్‌డ్ గేరు మీదనే నడుస్తున్నాయి. 2000 సంవత్సరంలో సిడ్నీలో అవి ఒలింపిక్స్‌లో కూడా ప్రవేశించాయి. న్యూయార్కు వంటి నగరాలలో ఉత్తరాలు, పొట్లాలు చేరవేసే కుర్రవాళ్లు ఇటువంటి బండ్లనే తొక్కారు. వారిని చూసి డబ్బున్న యువకులు కూడా గేర్లు వదిలి ఒంటి గేరు సైకిళ్లు ఎక్కారు. అది వారికి స్వేచ్ఛగా తోచిందట.

ఇది చదివిననాడు మాకు నవ్వు వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. మా నాన్నగారు ముప్పై అయిదు సంవత్సరాలు అదే బండి తొక్కారు. స్వేచ్ఛ కోసమని ఆయన ఒక్కనాడూ అనలేదు.

ఆ సైకిలు 1983లో మా అమ్మగారి పెళ్లినాడు జహేజ్‌గా వచ్చింది. ఆ కాలంలో వాచీ, రేడియో, సైకిలు అని మూడు పేర్లు కలిపి పలికేవారు. వాచీ ముల్లు ఆగిపోయింది, రేడియో పోయింది, సైకిలు మిగిలింది. నాన్నగారు దాని క్యారియరు మీద బట్టల మూట కట్టుకొని మహబూబ్‌నగర్ నుండి హన్వాడ, కోయిలకొండ వైపు పల్లెలు తిరిగేవారు. లుంగీలు, తువ్వాళ్లు, జాకెటు గుడ్డలు, పండుగలప్పుడు చీరలు. పల్లెలో ఆయన కొందరికి సాయబు, కొందరికి సాయబు మామ. ఆయనకు వారందరూ అవ్వలు, అక్కలు, చెల్లెళ్లు. ఉర్దూ మీడియంలో ఐదవ తరగతి వరకే చదివారు. తెలుగు అక్షరాలు మాత్రం ఖాతాదారుల పిల్లల పలకల మీద నేర్చుకున్నారు. ఆయన ఖాతా పుస్తకం తెలుగులో ఉండేది. "కుమ్మరి అవ్వ, గుడి వెనుక ఇల్లు, 40" అన్నట్టుండేవి పద్దులు. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. వాటిని చూసి చిన్నప్పుడు నవ్వేవాళ్లము. ఆ పుస్తకానికి శుభ్రప్రతి వ్రాసిపెట్టడమే మేము చేసిన మొదటి తెలుగు రచన.

కోయిలకొండ దారి పడమటి దారి. మృగశిర, ఆరుద్ర కార్తెలలో గాలి పడమటి నుండి రొమ్ము మీదికి వీస్తుంది. విత్తనాల రోజులలో రైతు చేతిలో డబ్బు ఉండదు, వ్యాపారం మందం, గాలి ఎదురు. అయినా పోవలసిందే. మేము మొట్టమొదట సైకిలు నేర్చుకున్నది కిరాయి దుకాణంలో. దానిని మా వైపు సైకిలు టాక్సీ అంటారు. గంటకు రూపాయి. నిండు సైకిలు సీటు మాకు అందదు గనుక, ఉర్దూలో కైంచీ అనే పద్ధతిలో, అడ్డకడ్డీ కింద నుండి కాలు దూర్చి వంకరగా తొక్కేవాళ్లము. సీటు మీద కూర్చునే వయసు వచ్చాక ఒక సెలవునాడు నాన్నగారు తమ సైకిలు మాకిచ్చి, తాము వేరొక సైకిలు మీద పక్కన వచ్చారు. మొదటి ఎత్తు దగ్గరనే మా ఊపిరి అయిపోయింది. అప్పుడాయన ఉర్దూలో చెప్పిన మాటకు తెలుగు ఇది: "ఎత్తు కనబడంగనే ఊపు తీసుకోవాలె. ఎత్తు నడుమ ఊపు దొరకదు. దొరకకుంటే దిగి నడువు, దిగుడుకు సిగ్గు పడకు." ఆ తరువాత ఏనాడూ సైకిలు గురించి ఆయన మాకేమీ బోధించలేదు.

2015లో మాకు ఈ ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఒక గేరు సైకిలు కొన్నాము. ముందు మూడు చక్రాలు, వెనుక ఏడు, మొత్తం 21 గేర్లు. నాన్నగారికి ఫోనులో సంతోషంగా చెప్పాము. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, "నిన్ను చదివించింది తొక్కనీకేనా?" అన్నారు. ఆ మాట చాలాకాలం మా వెంట ఉన్నది.

గేర్లను మేము నిందించము. ఏటవాలు కొండదారులలో ఉండేవారికీ, మోకాళ్ల నొప్పి ఉన్నవారికీ అవి వరం వంటివి. కాని మా వరకు చెప్పుకోవాలంటే, ఆ బండి మీద కూర్చున్నంతసేపూ మేము దారిని చూడలేదు. ఏ పంటి మీద గొలుసు ఉన్నదో, దానిని ఎటు మార్చాలో ఆలోచిస్తూ కూర్చున్నాము. ఎత్తు రాగానే బొటనవేలు ఒక మీట మీద, చూపుడువేలు ఒక మీట మీద. రెండేళ్లు గడిచాక ఒక సాయంత్రం పానగల్లు చెరువు కట్ట వరకు పోయి వస్తుండగా వెనుక గేరు వంగి చక్రం పుల్లల్లో చిక్కుకున్నది. మూడు పుల్లలు తెగాయి. దారిలోని పంక్చరు దుకాణం ఆయన దానిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "సార్, ఇది గడియారం లెక్కున్నది, నాతోని గాదు" అన్నాడు. ఇంటి దాకా మోసుకొచ్చాము. మామూలు సైకిలైతే ఆయన ఒక పానా, ఒక సుత్తితో పది నిమిషాలలో పంపించేవాడు. గొలుసు తెగితే ఒక కడియ తీసి బిగిస్తాడు, వదులైతే చక్రం కాస్త వెనక్కు లాగి బోల్టు తిప్పుతాడు. ప్రతి పల్లెలో దానికి వైద్యుడున్నాడు. ఆ గేరు సైకిలు తరువాత చాలాకాలం వరండాలో ఉండి, ఒక బంధువుల అబ్బాయి వెంట వెళ్లిపోయింది.

నాన్నగారు 2018లో పోయారు. నలభయ్యవనాటి ఫాతిహా అయిన తరువాత మేము ఆయన ఖాతా పుస్తకం పట్టుకొని బస్సులో ఆ పల్లెలకు వెళ్లాము. బాకీలన్నీ మాఫీ అని చెప్పి రమ్మని అమ్మగారి ఆజ్ఞ. కోయిలకొండ దారిలోని ఒక ఊరిలో ఒక ముసలవ్వ మాఫీ వద్దన్నది. కొంగున కట్టిన 120 రూపాయలు విప్పి లెక్కపెట్టి మా చేతిలో పెట్టింది. "మీ అబ్బ వస్తున్నడంటే మాకు బెల్లు ఇనబడేది గాదు బిడ్డా. గుట్ట దిగంగ పాట ఇనబడేది. తొక్కుడు బందు పెట్టి, కాళ్లు రెండు వదిలేసి పాడుకుంట దిగుతుండె" అన్నది. ఇంట్లో నాన్నగారు పాడగా మేము ఎన్నడూ వినలేదు. ఏ పాట అని అడిగాము. తురక పాట, తనకేమి తెలుసునన్నది.

బస్సులో తిరిగి వస్తూ ఆ గుట్ట దగ్గర కిటికీలోంచి చూశాము. బస్సు దానిని ఒక నిమిషంలో దాటింది.

సైకిలు మహబూబ్‌నగర్‌లో మా ఇంటి మెట్ల కింద రెండేళ్లు ఉన్నది. 2020 జూన్ 3వ తేదీన అట్లాస్ కంపెనీ సాహిబాబాదులోని తన చివరి కర్మాగారంలో పని నిలిపివేసింది. 1951లో సోనీపతులో మొదలైన కంపెనీ అది. ఆ రోజే ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం వల్ల పత్రికలన్నీ దానిని వ్రాశాయి. మా తమ్ముడు ఆ వార్త చదివి, ఇక విడిభాగాలు దొరకవనీ, ఇల్లు ఇరుకుగా ఉన్నదనీ, పాత ఇనుము వానికి వేస్తాననీ ఫోను చేశాడు. తప్పు వానిది కాదు, చిన్న ఇల్లు, ముగ్గురు పిల్లలు. సంక్రాంతి సెలవులకు వచ్చి తీసుకుపోతామన్నాము. ఎట్లా తీసుకుపోతావని అడిగాడు. తొక్కుకుంటూ అన్నాము. ఫోను పెట్టేశాడనుకుంటాము.

2021 జనవరిలో దానిని నాన్నగారి పాత ఉస్తాదు దగ్గరకు నడిపించుకు వెళ్లాము. ఆయన చూపు తగ్గింది గాని చేతివేళ్లు తగ్గలేదు. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్చి, కప్పులలో గ్రీజు పెట్టి, వెనుక చక్రం తిప్పి చూపిస్తూ, "ఇది బాగనే ఉన్నది, మార్చి అయిదారేళ్లే అయింది" అన్నారు. ఏది మార్చి అని అడిగాము. ఫ్రీవీలు అన్నారు. పళ్లు లెక్కపెట్టాము. 18 ఉండాలి. 20 ఉన్నవి.

ఫ్రీవీలులో పళ్లు పెరిగితే ఎత్తులు తేలిక అవుతాయి, కాని బండి నెమ్మదిస్తుంది. 20 పళ్లతో పెడలు ఒక చుట్టుకు బండి 4.9 మీటర్లే పోతుంది. ఒంటి గేరు సైకిలు తొక్కేవాడు దారిలో గేరు మార్చుకోలేడు. కాని జీవితంలో ఒకసారి మార్చుకోవచ్చు. నాన్నగారు 2015లో మార్చుకున్నారు. మేము 21 గేర్ల బండి కొన్నామని ఫోనులో చెప్పిన సంవత్సరమది. "ఇంట్ల చెప్పొద్దన్నడు మీ అబ్బ. బలం తగ్గిందంటే తిరుగుడు బందు పెట్టమంటరని" అన్నారు ఉస్తాదు. పాత ఫ్రీవీలు అరిగిపోలేదని, పారవేయకుండా నాన్నగారు కాగితంలో చుట్టుకొని తీసుకుపోయారట. మాకు ఒకపక్క చదువు పూర్తయి జీతం వచ్చింది. ఆ జీతంలో నెలనెలా పంపుతున్న మొత్తం చాలుననుకున్నాము. ఆయన తిరుగుతూనే ఉన్నారని తెలుసు. అది వ్యాపారం మీది మమకారమనుకున్నాము. రెండు పళ్ల సంగతి మాకు తెలియదు.

ప్రయాణం రెండు రోజులు పట్టింది. జడ్చర్ల, కల్వకుర్తి, చారకొండ, దేవరకొండ మీదుగా నల్లగొండకు నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒకప్పుడు రెండు జిల్లాల దారి. 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత మధ్యలో నాగర్‌కర్నూల్ జిల్లా కూడా వచ్చింది. ఫజర్ నమాజు చేసుకొని బయలుదేరాము. మొదటి గంటలోనే ఆ 20 పళ్లు తమ స్వభావం చూపించాయి. చదును నేల మీద కాళ్లు వడివడిగా తిరుగుతాయి, బండి మాత్రం ముసలి ఎద్దువలె తన నడక తాను నడుస్తుంది. ట్రాక్టర్లు దాటిపోయాయి, స్కూలు పిల్లలు దాటిపోయి వెనక్కు తిరిగి చూశారు. మొదట విసుగు వేసింది. కల్వకుర్తి దగ్గరికి వచ్చేసరికి, వేగం మన చేతిలో లేదని శరీరం ఒప్పుకున్నది. ఆ పైన చూడడానికి చాలా ఉన్నది. పత్తి ఏరిన చేలు, సీతాఫలం పొదలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు. ఎత్తు దూరాన కనబడుతుంది, దాని ముందు పల్లం ఉంటుంది, పల్లంలో ఊపు తీసుకోవాలి, ఊపు ఎక్కడ అయిపోతుందో కళ్లతోనే కొలుచుకోవాలి. లేచి నిలబడి తొక్కాలా, దిగాలా అన్నది ఆ క్షణంలో తేలుతుంది. దిగినచోట దిగాము. సిగ్గుపడలేదు.

పల్లాలలో కాళ్లు ఆపి కూర్చున్నాము. ఫ్రీవీలు టిక్ టిక్ మన్నది. పాడుదామని ప్రయత్నించాము గాని మాకు కంఠం లేదు.

ఒక విషయం మాత్రం ఆ రెండు రోజులూ మమ్మల్ని విడువలేదు. మా వీపు మీద ఒక చిన్న సంచి ఉన్నది, జేబులో బ్యాంకు కార్డు ఉన్నది. కాళ్లు పడిపోతే సైకిలును లారీలో వేసి బస్సు ఎక్కవచ్చు. ఎక్కడా మూట దింపి బేరమాడనక్కరలేదు. మేము పొందుతున్న సంతోషం ఆ బ్యాంకు కార్డు ఇచ్చినదేమోనని అనుమానం వేసింది. ఫ్రాన్సు పందెగాళ్లను, న్యూయార్కు యువకులను చూసి కోపగించుకున్నవాళ్లము, మేము వారిలో ఒకరమయ్యాము గదా అనిపించింది. దేవరకొండలో ఒక పాత సహాధ్యాయి ఇంట్లో ఆ రాత్రి నిద్ర పట్టక దీనినే తర్కించుకున్నాము. అటు ముసలవ్వ చెప్పిన పాట ఉన్నది. ఇటు ఉస్తాదు చెప్పిన రెండు పళ్లున్నవి. రెండూ ఒకే మనిషివి. ఏ ఒక్కటి చెప్పి ఊరుకున్నా అది నాన్నగారు కాదు.

రెండవనాడు కొండమల్లేపల్లి దాటి, గుర్రంపోడు మీదుగా బత్తాయి తోటల మధ్య నుండి వచ్చాము. తూర్పుగాలి మెల్లగా ఎదురు వచ్చింది. కనగల్లు దాటిన తరువాత, పొద్దు వాలే వేళకు లతీఫ్ సాహెబ్ గుట్ట కనబడింది. ఆ గుట్ట కనబడితే నల్లగొండ వచ్చినట్టే అని బస్సు ప్రయాణికులు అనుకుంటారు. సైకిలు మీద ఇంకా చాలాసేపు తొక్కాలి.

ఆనాటి నుండి కళాశాలకు దాని మీదనే వస్తున్నాము. విద్యార్థులు మొదట వింతగా చూశారు. తరువాత అలవాటు పడ్డారు. ఇప్పుడు కొందరు గాలి తగ్గిందని వచ్చి మా పంపు అడుగుతున్నారు. మన విద్యార్థినులలో ఒకామె ఉన్నది. పేరు వ్రాస్తే కోప్పడుతుంది గనుక వ్రాయము. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది, మంచిదే. కాని ఆమె ఊరికి బస్సు రాదు. అయిదు కిలోమీటర్లు అన్నగారి పాత సైకిలు తొక్కి పెద్దరోడ్డుకు వచ్చి, ఒక చాయ్ హోటలు దగ్గర దానిని తాళం వేసి, అక్కడ బస్సు ఎక్కుతుంది. ఒకనాడు తరగతికి చేతులు నల్లగా చేసుకొని వచ్చింది. గొలుసు ఊడిందనీ, హోటలు దగ్గర కూర్చున్నవాళ్లు చూస్తుంటే ఎక్కించడం రాక నడిపించుకొచ్చాననీ చెప్పింది. తరగతి అయిన తరువాత మా సైకిలును బోర్లా పెట్టి, గొలుసు ఊడదీసి, వెనుక పంటికి ముందు తగిలించి, పెడలు తిప్పుతూ ముందుచక్రానికి ఎక్కించడం ఎట్లాగో చూపించాము. రెండవసారి తానే ఎక్కించింది. మూడవసారికి చుట్టూ పదిమంది చేరారు. ఆ గంటలో చెప్పవలసిన సంధుల పాఠం జరగలేదని ఒప్పుకుంటున్నాము.

యాజమాన్య సంఘం పెద్దలు ఈ సంచిక చదువుతారు గనుక ఒక మాట. మన సైకిలు స్టాండు కట్టినవారు చక్రం దూరేలా సిమెంటులో గాళ్లు వదిలారు. ఈనాడు ఆ గాళ్ల మీద మోటారు సైకిళ్లు అడ్డంగా నిలుస్తున్నాయి. సైకిళ్లు ఎండలో గోడకు ఆనించి ఉంటున్నాయి. ఎండకు ట్యూబులు పగులుతాయి. వరుసలో ఆరు గాళ్లు సైకిళ్లకు విడిచి, ఒక పంపు గోడకు గొలుసుతో కట్టి ఉంచితే చాలు. ఖర్చు పెద్దది కాదు.

పోయిన రంజాను సెలవులలో అమ్మగారి ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఉర్దూ పత్రిక కాగితంలో చుట్టిన పాత ఫ్రీవీలు దొరికింది. నూనె రాసి చుట్టారు గనుక తుప్పు పట్టలేదు. వేలితో తిప్పితే ఇంకా టిక్ టిక్ మంటున్నది. 18 పళ్లు. దానిని నల్లగొండలో మేము వెళ్లే ఉస్తాదుకు చూపించాము. "వేసేద్దామా సార్? మీరింకా జవాన్లే, ఇరవై ఎందుకు?" అన్నాడు. రేపు చెబుతామన్నాము. అది ఇప్పుడు మా బల్ల సొరుగులో, జవాబు పత్రాల పక్కన ఉన్నది. ఉస్తాదు దుకాణం ముందు నుండి పోయినప్పుడల్లా ఆయన తల ఎత్తి చూస్తాడు. మేము బెల్లు కొట్టి పోతాము.